పటం మీది పసుపు రంగు

ఆ రోజు మీటింగ్‌కి, ఏ నేలను దేనికి వాడుకోవచ్చో చూపే పన్నెండు పటాలు పట్టుకెళ్లాను. ప్రాంతం ఒక్కటే, రంగులు పరుచుకున్న తీరు పన్నెండు రకాలు. ఆకుపచ్చ అంటే అడవి, నీలం అంటే వరి, పసుపు అంటే మొక్కజొన్న, బూడిద రంగు అంటే సాగు మానేసినా నష్టం లేని నేల. నేను చెప్పడం సగంలో ఉండగానే ఒక అధికారి ఏడో పటం తీసి తన ముందు పెట్టుకున్నారు. "ఇది బాగుందండీ. ఈ పసుపు ఉన్నచోటల్లా వచ్చే సీజన్ నుంచి వరి ఆపించేద్దాం. మిగతావి ఇంక ఎందుకు?" అన్నారు.

నాకు నోరు ఎండిపోయింది. ఏడో పటంలో అంత పసుపు రావడానికి కారణం నీటి పరిమితి దగ్గర నేను పెట్టిన ఒక్క అంకె. ఇంకో అంకె పెట్టి ఉంటే అందులో సగం నీలంగా మారేది. ఆ రంగు కింద మనుషులున్నారు, వాళ్ల అప్పులున్నాయి, బావులున్నాయి. అధికారిని తప్పుపట్టలేను. రంగులు వేసిన పటం చేతికిస్తే ఎవరికైనా అది ఆమోదం కోసం వచ్చిన ప్లాన్‌లాగే కనిపిస్తుంది. ఆ పటం ఏ ప్రశ్నకు జవాబో ముందు చెప్పకుండా బయటికి తీయడం నేను చేసిన పొరపాటు. ఆ సాయంత్రమంతా కూర్చుని ఆయనకు వివరించాను. నిర్ణయం ఆగింది. కానీ ఆ టెన్షన్ నన్ను చాలాకాలం వదల్లేదు.

వ్యవసాయ భూమిని ఏయే రకాలుగా వాడుకోవచ్చో మోడళ్లతో, అంటే కంప్యూటర్‌లో కట్టే లెక్కలతో, వెతకడం నా పని. పదిహేడేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ పని లోపల ఏం జరుగుతుందో మన భాషలో తీరిగ్గా రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఇవాళ కుదిరింది.

భూమి మీద మోడల్ అనగానే చాలామంది అడిగే మొదటి మాట, "ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ ఏముంటుందో చెప్తుందా?" అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికే మోడళ్లు వేరే ఉన్నాయి. 1996లో వెల్డ్‌కాంప్, ఫ్రెస్కో అనే ఇద్దరు డచ్ పరిశోధకులు ప్రచురించిన క్లూ మోడల్ ఆ కోవలోది. జనం ఎక్కడ పెరిగారు, రోడ్డు ఎక్కడ పడింది, ఎలాంటి వాలులో ఎలాంటి నేలలో ఏ సాగు వచ్చింది, ఇవన్నీ పాత లెక్కల్లోంచి పట్టుకుని ఆ పోకడను ముందుకు నడిపిస్తుంది. దగ్గరి భవిష్యత్తు చూడటానికి బాగా పనికొస్తుంది. అయితే గతంలో ఎన్నడూ జరగనిది అందులోంచి బయటికి రాదు. ఈ ప్రాంతంలో ఎవరూ ఇంతవరకూ వేసి చూడని పంట వేస్తే ఏమవుతుందని దాన్ని అడిగి లాభం లేదు.

నా మోడళ్లు అడిగే ప్రశ్న ఇంకొకటి. ఈ నేల, ఈ ఎండ, ఈ నీళ్లు, ఇంతమంది మనుషులు ఉన్నప్పుడు ఇక్కడ ఏమేం సాధ్యం? సాధ్యమైన వాటిలో ఒకటి కావాలంటే ఇంకొకటి ఎంత వదులుకోవాలి? జనం ఎలా ప్రవర్తిస్తారన్నది ఇందులో లేదు. ధర పడిపోతే రైతు ఏం చేస్తాడో, బ్యాంకు అప్పివ్వకపోతే ఏం చేస్తాడో ఈ మోడల్‌కి తెలియదు. తెలియకూడదు కూడా. ఇవాళ్టి అలవాట్లను అందులోకి దూరనిస్తే రేపటి దారులు మూసుకుపోతాయి. ఇది చెప్పినప్పుడు అర్థమైనట్టే తలూపుతారు, పటం చూడగానే మర్చిపోతారు. అందుకే ఇప్పుడు పటాలు ఆఖరికి తీస్తాను.

ముందు తీసేది వంద హెక్టార్ల బొమ్మ లెక్క. ప్రతి మీటింగ్‌లో మొదటి అరగంట దీనికే. ఇది నిజమైన ఊరు కాదు, ఆలోచన కోసం కట్టుకున్న లెక్క. మీరూ కాగితం తీసుకుని చేయొచ్చు.

వంద హెక్టార్ల నేల ఉంది. వెయ్యి యూనిట్ల నీళ్లున్నాయి. ఒక యూనిట్ అంటే వెయ్యి ఘనపు మీటర్లు. రెండే పంటలు. వరికి హెక్టారుకు 15 యూనిట్ల నీళ్లు, మొక్కజొన్నకు 5. వరి హెక్టారుకు 50 పాయింట్ల ఆదాయం ఇస్తుంది, మొక్కజొన్న 30. ఆదాయం ఎక్కువ రావాలంటే ఎంత వరి, ఎంత మొక్కజొన్న వేయాలి?

అంతా వరే వేద్దామంటే 1,500 యూనిట్లు కావాలి, అన్ని లేవు. అంతా మొక్కజొన్న వేస్తే సగం నీళ్లు మిగిలిపోతాయి, ఆదాయం 3,000. చెరి యాభై హెక్టార్లు వేస్తే నేలా సరిపోతుంది, నీళ్లూ సరిపోతాయి. ఆదాయం 4,000. ఇంతకు మించి రాదు. దీన్నే లీనియర్ ప్రోగ్రామింగ్ అంటాం. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో లియోనిడ్ కాంటొరోవిచ్ ప్లైవుడ్ తయారీ యంత్రాలకు పని ఎలా పంచాలా అని ఆలోచిస్తూ దీనికి దారి వేశాడు. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలను అంచెలంచెలుగా తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక పెద్ద పెద్ద లెక్కలు కూడా చేతికి అందాయి. మా అసలు మోడళ్లలో రెండు పంటల చోట వేల సాగు పద్ధతులుంటాయి, రెండు పరిమితుల చోట వందలుంటాయి. లోపల జరిగేది మాత్రం ఈ కాగితం మీది లెక్కే.

జవాబు కన్నా నాకు ఇష్టమైంది జవాబు పక్కన వచ్చే ఇంకో అంకె. దాన్ని షాడో ప్రైస్ అంటారు. ఒక్క యూనిట్ నీళ్లు ఎక్కువిస్తే ఆదాయం ఎంత పెరుగుతుంది? 1,001 యూనిట్లు ఉన్నాయనుకోండి. హెక్టారులో పదో వంతు మొక్కజొన్న తీసేసి వరి వేయొచ్చు. ఆదాయం 2 పాయింట్లు పెరుగుతుంది. అంటే ఈ పరిస్థితిలో నీటి విలువ యూనిట్‌కి 2. అసలు 500 యూనిట్ల కన్నా తక్కువే ఉంటే? అప్పుడు నేల ఖాళీగా పడి ఉంటుంది, వచ్చే ప్రతి యూనిట్ కొత్త నేలలో మొక్కజొన్న పండిస్తుంది, దాని విలువ 6. నీళ్లు 1,500 దాటిపోతే? విలువ సున్నా. అవే నీళ్లు, అవే పంటలు. నీళ్లు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి విలువ ఆరు, రెండు, సున్నా. ఈ మూడు అంకెలూ బోర్డు మీద రాసినప్పుడు గదిలో గుసగుసలు మొదలవుతాయి. కాలువకు లైనింగ్ వేయాలా వద్దా అన్న చర్చలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, తాము ఈ మూడింటిలో ఎక్కడున్నామో ఎప్పుడూ అడగలేదని అప్పుడు గమనిస్తారు.

తర్వాతి అడుగు. భూగర్భజలం పడిపోతోంది కాబట్టి నీటి వాడకం 700 యూనిట్లకు తగ్గించాలని విధానం పెడదాం. లెక్క మళ్లీ కడితే వరి 20 హెక్టార్లు, మొక్కజొన్న 80. ఆదాయం 3,400. నీళ్లు ముప్పై శాతం తగ్గితే ఆదాయం పదిహేను శాతమే తగ్గింది. "బాగానే ఉందే" అంటారు అందరూ. అప్పుడు మూడో వరస రాస్తాను. వరికి హెక్టారుకు 100 పనిదినాలు, మొక్కజొన్నకు 40. మొదట 7,000 పనిదినాలు ఉండేవి. ఇప్పుడు 5,200. కూలి పని నాలుగో వంతుకు పైగా పోయింది. నేల ఉన్నవాడికి తగిలిన దెబ్బ పదిహేను శాతం, నేల లేనివాడికి ఇరవై ఆరు శాతం. నీళ్ల గురించి మొదలుపెట్టిన విధానం కూలీల ఇంటి మీద పడిందని ఆ వరస రాయనంతవరకూ ఎవరికీ కనిపించదు. కనిపించకపోతే ఎవరూ దానికి జవాబు చెప్పక్కర్లేదు. నేను ఈ పని వదలకుండా చేస్తున్నది ఆ వరస కోసమే.

నన్ను ఈ రంగంలోకి లాగింది ఒక పాత నివేదిక. 1992లో నెదర్లాండ్స్ ప్రభుత్వానికి సలహాలిచ్చే శాస్త్రీయ మండలి యూరోపియన్ కమ్యూనిటీ (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం)లోని గ్రామీణ ప్రాంతాల మీద ఒక అధ్యయనం చేసింది. అప్పటికి అందులో పన్నెండు దేశాలు. ఎనభైలలో అక్కడ ధాన్యం, వెన్న అవసరానికి మించి పోగుపడ్డాయి, వ్యవసాయ సబ్సిడీల ఖర్చు బడ్జెట్‌ను తినేస్తోంది. ఎవరిని అడిగినా ఒక్కో మాట. మార్కెట్‌కి వదిలేయాలని కొందరు, ఊళ్లలో ఉపాధి నిలవాలని కొందరు, అడవులూ పక్షులూ కావాలని కొందరు, రసాయనాలు తగ్గాలని కొందరు. ఆ మండలి వీళ్లలో ఎవరి పక్షమూ తీసుకోకుండా నాలుగు అభిప్రాయాలనీ నాలుగు లెక్కలుగా మార్చింది. పన్నెండు దేశాల నేలలూ వాతావరణమూ తీసుకుని, వోఫోస్ట్ అనే పంట మోడల్‌తో ఎక్కడ ఏ పంట ఎంత దాకా పండగలదో కట్టింది. ఆ దిగుబడుల మీద గోల్ అనే లీనియర్ ప్రోగ్రామింగ్ మోడల్‌ని నడిపింది.

అప్పట్లో అక్కడ వ్యవసాయంలో ఉన్న నేల దాదాపు 127 మిలియన్ హెక్టార్లు. ప్రకృతికి పెద్దపీట వేసిన లెక్కలో సరిపడా తిండి పండించడానికి 26 మిలియన్ హెక్టార్లు చాలన్నట్టు తేలింది. ఊళ్లలో ఉపాధి నిలబెట్టాలన్న లెక్కలో నేల అన్నిటికన్నా ఎక్కువ కావాల్సి వచ్చింది, అదీ 80 మిలియన్ల లోపే. పురుగుమందులూ నత్రజనీ నాలుగింటిలోనూ బాగా తగ్గాయి. వ్యవసాయ ఉపాధి కూడా నాలుగింటిలోనూ తగ్గింది.

మొదటిసారి ఆ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 26 అన్న అంకె చూసి, యూరప్‌లో నేల చాలావరకు బీడు పడిపోతుందని జోస్యం చెప్పారనుకోవడం చాలా తేలిక. వాళ్లు చెప్పింది అది కాదు. తెలిసిన మంచి పద్ధతులన్నీ సరైన నేలలో సరిగ్గా వాడితే హద్దు ఎక్కడుందో చూపించారు. ఏ దారి పట్టినా నేల మిగులుతుంది. మిగిలే నేలను ఏం చేయాలి, ఖాళీ అయ్యే చేతులకు పని ఎక్కడ చూపాలి అన్నది అసలు రాజకీయ ప్రశ్న. ఆ ప్రశ్నను తప్పించుకునే దారి నాలుగింటిలో ఒక్కదానిలోనూ లేదు. నలుగురు నాలుగు దిక్కులకు లాగుతున్నప్పుడు అందరికీ తప్పనిది ఏమిటో చూపడం చిన్న విషయం కాదు.

అయితే ఆ అంకెల వెనక తిండి ఎంత కావాలన్న ఊహ ఉంది. ఊహ మారితే అంకె మారుతుంది. అదే 1992లో యూరప్ తన వ్యవసాయ విధానాన్ని సంస్కరించి, పెద్ద రైతులు సబ్సిడీ కావాలంటే కొంత నేల సాగు చేయకుండా వదలాలని నియమం తెచ్చింది. 2007, 2008లో ప్రపంచమంతా ధాన్యం ధరలు ఎగబాకాయి. 2008లో ఆ నియమాన్నే ఎత్తేశారు. ఒకప్పుడు మిగులు అనుకున్న నేల పదహారేళ్లలో మళ్లీ కావాల్సి వచ్చింది. అందుకని నేను ఏ మోడల్ కట్టినా గిరాకీని ఒక్క అంకెతో వదలను. కనీసం మూడు రకాలుగా పెట్టి చూస్తాను.

ఇక ఎక్కువ కాలం తినేసేది, ఎవరూ అడగనిది ఒకటుంది. బొమ్మ లెక్కలో నీళ్లకూ పనిదినాలకూ పెట్టిన ఆ పదిహేను, అయిదు, వంద, నలభై లాంటి అంకెలు ఎక్కడినుంచి వస్తాయి? రైతులను అడిగి సగటు తీయొచ్చు. అలా తీస్తే ఇవాళ్టి పద్ధతులే రేపటి లెక్కలోకి వెళ్తాయి. మేం తలకిందులుగా వెళ్తాం. ముందు దిగుబడి అనుకుంటాం, తర్వాత దానికి ఏం కావాలో కడతాం. హెక్టారుకు ఆరు టన్నుల వడ్లు అనుకుందాం. ఒక టన్ను వడ్లు పండటానికి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. అంటే దాదాపు 90 నుంచి 120 కిలోలు పైరులోకి చేరాలి. నేల తనంతట తాను కొంత ఇస్తుంది. మిగతాది ఎరువుగా వేయాలి. చాలాచోట్ల వరి పొలంలో వేసిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. గాల్లోకి పోతుంది, నీళ్లలో కొట్టుకుపోతుంది. ఎరువును విడతలుగా, సమయానికి వేస్తే ఎంత అందుతుంది? చెప్పలేనంత తేడా వస్తుంది. ఆ తేడాను పట్టుకోవడానికి పొలం ప్రయోగాల పుస్తకాలు తిరగేస్తూ ఒక్క పంటకు నెల రోజులు కూర్చున్న సందర్భాలున్నాయి. ఆ ఒక్క అంకె తప్పితే నది కలుషితమవుతుందో లేదో మోడల్ తప్పు చెప్తుంది. పటం మాత్రం అంతే అందంగా వస్తుంది. అందుకే నా దగ్గర చేరిన కొత్త పిల్లలకు మొదటి ఆర్నెల్లూ సాఫ్ట్‌వేర్ ముట్టుకోనివ్వను.

పెద్దామె గురించి చెప్పాలి.

ఒక మీటింగ్‌లో రైతులను కూడా పిలిచాం. అధికారులు ముందు వరసలో, రైతులు వెనక వరసలో కూర్చున్నారు. నేను నీళ్ల లెక్క, ఆదాయం లెక్క, పనిదినాల లెక్క చెప్పుకుంటూ పోతున్నాను. వెనకనుంచి ఒక పెద్దామె లేచింది. అరవై దాటి ఉంటాయి. "బాబూ, యాభై హెక్టార్లలో వరి అన్నావు కదా, నాట్లు ఎవరు వేస్తారు?" అంది. ఏడాదికి ఏడు వేల పనిదినాలు కావాలమ్మా, మన దగ్గర అంతకన్నా ఎక్కువే ఉన్నాయి అన్నాను. "ఏడాది మొత్తం మీద ఉంటే నాకెందుకయ్యా? నీళ్లు వదిలిన రెండు వారాల్లో నాటాలి. అప్పుడు మనిషి దొరకడు. నారు ముదిరిపోతుంది. మిగతా పది నెలలూ అదే మనిషి పని లేక కూర్చుంటాడు. నీ లెక్కలో ఆ రెండు వారాలు ఎక్కడున్నాయి?" అని అడిగింది.

లేవు. నా మోడల్‌లో ఏడాది మొత్తం ఒకే గంపలో ఉంది.

ఇంటికి వెళ్లాక బొమ్మ లెక్కలో ఆమె వరస చేర్చాను. నాట్లకు హెక్టారుకు 25 పనిదినాలు అనుకుందాం. యాభై హెక్టార్లకు 1,250. నాటగలిగినవాళ్లు యాభై మంది ఉన్నారనుకుందాం, పద్నాలుగు రోజులు. అంటే 700 పనిదినాలు. దాంతో నాటగలిగేది 28 హెక్టార్లే. మిగతా 72 హెక్టార్లలో మొక్కజొన్న. ఆదాయం 4,000 నుంచి 3,560కి పడింది. నీళ్లు? 780 యూనిట్లే ఖర్చయ్యాయి, 220 మిగిలిపోయాయి. మిగిలిపోయిన దాని షాడో ప్రైస్ సున్నా. ఇంకో కాలువ తవ్వినా, ఇంకో చెక్‌డ్యామ్ కట్టినా ఒక్క పాయింట్ పెరగదు. నాట్ల పక్షంలో, అంటే ఆ పద్నాలుగు రోజుల్లో, ఒక్క మనిషి ఎక్కువ దొరికితే మాత్రం ఆదాయం 11 పాయింట్లకు పైగా పెరుగుతుంది.

అసలు మోడల్‌లో ఏడాదిని ఇరవై నాలుగు పక్షాలుగా విడగొట్టి మళ్లీ నడిపాం. పరిమితుల సంఖ్య పెరిగిపోయింది, పాత కంప్యూటర్ మొరాయించింది. జవాబు బొమ్మ లెక్కలో అంత శుభ్రంగా రాలేదు, ఒక మూల నీళ్ల కొరత అలాగే ఉంది. కానీ ప్రాంతంలో చాలాభాగం మేం నీళ్ల సమస్య అనుకున్నది నాట్ల సమస్య అని తేలింది. రెండేళ్లుగా నీళ్ల గురించి వాదించుకుంటున్నాం. అడిగినవాళ్లు లేక ఆమె ఆ సంగతి చెప్పలేదు, అంతే.

ఇలాంటి పని జనంతో కలిసి చేయాలని ముందే తెలుసుకున్నవాళ్లున్నారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1996 నుంచి 2000 వరకు సిస్‌నెట్ పేరుతో ఒక ప్రాజెక్టు నడిపింది. మన హర్యానా, మలేసియాలో కెడా-పెర్లిస్, ఫిలిప్పీన్స్‌లో ఇలోకోస్ నోర్టే, వియత్నాంలో కాన్ థో, ఈ నాలుగు చోట్లా స్థానిక శాస్త్రవేత్తలూ ప్రభుత్వ ప్రణాళికల వాళ్లూ కలిసి భూమి వాడకాన్ని ప్లాన్ చేసే లూపాస్ అనే పద్ధతిని తయారుచేశారు. దాని గుండెకాయ ఒక సంభాషణ. ముందు ఒక్కో లక్ష్యాన్నీ ఒంటరిగా పెట్టి లెక్క కడతారు. ఆదాయం ఒక్కటే ముఖ్యమైతే ఎంత దాకా వెళ్లొచ్చు, ధాన్యం ఒక్కటే ముఖ్యమైతే ఎంత దాకా, నీళ్ల పొదుపు ఒక్కటే ముఖ్యమైతే ఎంత దాకా. ప్రతి లక్ష్యానికీ అన్నిటికన్నా మంచిదీ అన్నిటికన్నా చెడ్డదీ బల్ల మీద ఉంటాయి. అప్పుడు అడుగుతారు, ఇంతకన్నా తగ్గితే మీరు ఒప్పుకోరు అన్న గీత ఎక్కడ? ఒక్కో గీత బిగిస్తూ పోతే మిగిలిన దారులు ఇరుకవుతాయి. ఎవరి గీత ఎవరి దారికి అడ్డం పడిందో అందరి కళ్లముందే కనిపిస్తుంది.

ఈ గీతల ఆట ఆడినప్పుడు ఒకసారి జరిగింది రాయాలి. బొమ్మ లెక్కే, పెద్దామె వరసతో సహా. కూలీల తరఫున వచ్చిన ఒకతను ఏడాది పనిదినాలు 6,000కు తగ్గకూడదని గీత గీశాడు. న్యాయమైన కోరిక. మోడల్‌ని నడిపితే జవాబు రాలేదు. సాధ్యం కాదు అని ఆగిపోయింది. 6,000 పనిదినాలు రావాలంటే కనీసం 33 హెక్టార్ల పైచిలుకు వరి ఉండాలి. నాట్ల పక్షంలో నాటగలిగేది 28. ఎంత కొట్టుకున్నా 5,680 దాటదు. గది నిశ్శబ్దమైంది. అతని ముఖం చూడలేకపోయాను.

అప్పుడు ఒక కుర్ర రైతు, "నాట్లు రెండు విడతలుగా వేస్తేనో? కింది పొలాలకు ఒక పక్షం ఆలస్యంగా నీళ్లు వదిలితే అదే మనుషులు అటూ ఇటూ వస్తారు కదా" అన్నాడు. ఆలస్యంగా నాటిన వరికి దిగుబడి కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదల ఎంతో పంట మోడల్‌తో కట్టొచ్చు. మోడల్‌లో కొత్త సాగు పద్ధతి ఒకటి చేరింది. దాంతో 6,000 అందింది. ఇందులో నాకు నచ్చింది, "సాధ్యం కాదు" అని మోడల్ మొండికేసినప్పుడే మనుషులు కొత్త దారి వెతికారు. నాటే యంత్రాలు తెద్దామని ఇంకొకరు అన్నారు. అది నాట్ల కొరత తీరుస్తుంది కానీ అవే పనిదినాలను తినేస్తుంది. రెండూ బోర్డు మీద పక్కపక్కన పెట్టాం. ఏది కావాలో తేల్చుకోవాల్సింది వాళ్లు. అందులో నా ఓటు లేదు, ఉండకూడదు.

లోపాల గురించి దాచను. లీనియర్ లెక్కకు ఒక గుణం ఉంది, మధ్యలో ఆగకుండా మూలలకు పరుగెత్తుతుంది. మొక్కజొన్న ఆదాయం కాస్త మారితే చాలు, ఒక పెద్ద నేల ముక్క మొత్తం ఒక పంట నుంచి ఇంకో పంటకు దూకేస్తుంది. అందుకని ఒక్క ఉత్తమ జవాబుతో ఆగకుండా, దానికన్నా రెండు మూడు శాతం తక్కువొచ్చే జవాబులు ఎన్ని రకాలుగా ఉన్నాయో కూడా చూస్తాను. చాలాసార్లు అక్కడే మనుషులు బతకడానికి వీలైన పటం దొరుకుతుంది. ఇంకోటి, దారి తెలిసినంత మాత్రాన జనం ఆ దారిన నడవరు. నడిపించడానికి ధర, సబ్సిడీ, నీటి నియమం, సలహా వీటిలో ఏది పనిచేస్తుందో చూడటానికి రైతు కుటుంబం స్థాయి మోడళ్లు వేరే కావాలి. మా పని అయిపోయిన చోట వాళ్ల పని మొదలవుతుంది. ఈ రెండింటినీ కలిపేసి, సాధ్యమైన పటాన్నే ఉత్తర్వుగా చదివితే మళ్లీ ఆ పసుపు రంగు దగ్గరికే వస్తాం.

ఇప్పుడు నా ప్రతి పటం మీదా ఒక పెట్టె ఉంటుంది. నీళ్లు ఇంత అనుకున్నాం, గిరాకీ ఇంత అనుకున్నాం, పనిదినాలు ఇంతకు తగ్గకూడదన్నాం, ఈ గీత ఫలానా తరగతి వాళ్లు గీశారు. ఎవరూ పెట్టె కత్తిరించేసి పటం ఒక్కటే వాడుకోకుండా దాన్ని రంగుల మధ్యలోనే పెట్టాను. ఫైల్‌లో నాట్ల పక్షం వరసకు పెద్దామె అనే పేరు పెట్టాను. నా తర్వాత చేరినవాళ్లకు ఎందుకా పేరో తెలియాలని దాని కింద రెండు వాక్యాలు రాసి ఉంచాను.

ఆమె పోయినసారి కనిపించినప్పుడు ఇంకో మాట అడిగింది. "వానలు సరిగా పడిన ఏడాది లెక్క చెప్తున్నావు. పడని ఏడాది సంగతేంటి?" సగటు వాన పెట్టి కట్టాం మేం. ఇప్పుడు ముప్పై ఏళ్ల వాతావరణం తీసుకుని మంచి ఏడు, మధ్యరకం ఏడు, కరువు ఏడుగా విడగొట్టి కడుతున్నాను. ముందే వేసిన పంటను మధ్యలో మార్చడం కుదరదు కాబట్టి, ఏ ఏడు వస్తుందో తెలియకుండానే పంట నిర్ణయించే విధంగా లెక్క రాయాల్సి వచ్చింది. రాయడానికి మూడు నెలలు పట్టింది. సాయంత్రం కంప్యూటర్‌కి అప్పగించి వచ్చాను, తెల్లారేదాకా నడుస్తుంది. పొద్దున్నే వెళ్లి ఆ నీలం రంగులో కరువు ఏడు ఎంత మిగులుతుందో చూడాలి.